శబరి వెంట కలం



కలం ముందుకు సాగని రచయితకు మిత్రులిచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే. నాలుగు రోజులు ఎటైనా తిరిగి రావయ్యా, మనసు తేలికపడుతుంది, రాత దానంతటదే వస్తుంది అంటారు. ఎటు తిరగాలో చెప్పరు. తిరిగొచ్చాక ఏం చెయ్యాలో అసలే చెప్పరు. అరకు వెళ్లొచ్చినవాడు అరకు మీద రెండు కవితలు రాస్తాడు, ఆ తర్వాత కాగితం మళ్లీ తెల్లగానే ఉంటుంది. ప్రయాణానికీ రచనకూ సంబంధం లేదని ఎవరూ అనలేరు. ఆ సంబంధం టికెట్టు కొంటే దొరికేదేనా అన్నదే ఈ పూట మాట్లాడుకోబోయే సంగతి.

అందుకు ఎంచుకున్న చోటు గొల్లపల్లి. తెలుగునాట ఆ పేరున్న ఊళ్లకు కొదవ లేదు. ఇది మాత్రం ఛత్తీస్‌గఢ్‌లోది. ఒకప్పటి బస్తర్ సంస్థానానికి దక్షిణపు కొసన, ఇప్పటి సుక్మా జిల్లా కొంటా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న అడవి ఊరు. ఇరుగుపొరుగున మరాయిగూడెం, కిష్టారం. సరిహద్దుకు ఇవతల చర్ల, దుమ్ముగూడెం. ఈ ప్రాంతపు దోర్ల ఆదివాసుల మాట కోయకు చుట్టం, తెలుగు పాలు అందులో ఎక్కువ. మిరప కోతకైనా, పెద్ద ఆసుపత్రికైనా ఈ మూల జనం చూసేది గోదావరి వైపే. రాయ్‌పూర్ వాళ్ల రాజధాని గానీ, దగ్గరి పట్నం భద్రాచలమే. ఓరుగల్లు కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకునేది. కాబట్టి ఈ అడవికి మనతో రాకపోకలు నిన్న మొన్నటివి కావు.

గొల్లపల్లి సాహిత్య కేంద్రమేమీ కాదు. అయితే ఆ ప్రాంతాన్ని ఆనుకుని ఒక నది, ఒక రహదారి ఉన్నాయి. నది శబరి. కొరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టి, ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య హద్దు గీస్తూ దిగి, మోటు దగ్గర సీలేరును కలుపుకుని, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. రహదారి 30వ నంబరుది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా కొంటా, సుక్మా, జగదల్‌పూర్ చేరి ఇంకా ఉత్తరానికి పోతుంది. ఈ నదికీ ఈ దారికీ అటూ ఇటూ ఉన్న నేల మీద ఇరవయ్యో శతాబ్దంలో చాలా మంచి పుస్తకాలు పుట్టాయి. వాటిని రాసినవాళ్లలో విహారయాత్రకు వచ్చినవాళ్లు లేరు.

నది పుట్టినచోటి నుంచే మొదలుపెడదాం. గోపీనాథ్ మహంతి 1938లో ఒడిశా పరిపాలనా సర్వీసులో చేరారు. ఉద్యోగం ఆయన్ను కొరాపుట్ కొండల్లోకి పంపింది. అక్కడ ఆయన పని భూమి తగాదాలు, అప్పు తగాదాలు, అర్జీలు, క్యాంపులు. సాహుకారు దగ్గర పుచ్చుకున్న కొద్దిపాటి అప్పుకు మనిషి బతుకంతా చాకిరీ చేసే వెట్టి పద్ధతి అక్కడ ఉండేది. విశాఖ ఏజెన్సీలో గొత్తి అన్నదీ అలాంటిదే. ఆ వెట్టి మనుషులు మహంతి ముందుకు అర్జీదారులై వచ్చారు. 1945లో వచ్చిన ఆయన నవల ‘పరజా’లో సుక్రు జాని అనే తండ్రి, అతని ఇద్దరు కొడుకులు అప్పులో కూరుకుపోయి సాహుకారుకు కట్టుబానిసలవుతారు. 1949 నాటి ‘అమృతర సంతాన’ కంధ ఆదివాసుల బతుకు మీద రాసినది. దానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1973లో జ్ఞానపీఠం కూడా ఆయన ఇంటికి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. మహంతి ఆదివాసుల మాటలు నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, గదబ, కువి మాటల మీద పుస్తకాలూ రాశారు. నవలాకారుడికి వ్యాకరణం పనేమిటి అనిపించవచ్చు. నవల కదలని రోజుల్లో ఒక భాష క్రియారూపాలకు పట్టికలు వేసుకుంటూ కూర్చున్న మనిషికి ఆ భాష మాట్లాడే మనుషులు ఎంత దగ్గరవుతారో ఆలోచించండి. ఆయన ఆదివాసుల పక్షం వహిస్తున్నారని అక్కడి భూస్వాములు, సాహుకార్లు ప్రధాని నెహ్రూ దాకా ఫిర్యాదు పంపారు. రచయితకు అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఏ అకాడమీ ఇవ్వగలదు?

కొండ దిగి జగదల్‌పూర్ వద్దాం. బస్తర్‌కు ముఖ్యపట్నం. 1933లో అక్కడ గుల్‌షేర్ ఖాన్ అనే పిల్లవాడు పుట్టాడు. హిందీ సాహిత్యానికి ఆయన షానీ. 1965లో అచ్చయిన ఆయన నవల ‘కాలా జల్’ జగదల్‌పూర్‌లోని ఒక దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబపు మూడు తరాల కథ.

ఆ నవల కట్టుబడిని కాస్త దగ్గరగా చూడాలి. షబే బరాత్ రాత్రి. ఇంట్లో గతించినవాళ్ల పేరున ఫాతిహా చదివే రోజు. కథ చెప్పే యువకుడు బబ్బన్ ఫాతిహాకు కూర్చుంటాడు. ఒక్కొక్క పేరు రావడంతో ఆ పేరుగల మనిషి లేచి వస్తాడు, లేచి వస్తుంది. ఎలా బతికారు, ఎవరు ఎవరిని ఏడిపించారు, ఏ కోరిక తీరకుండా పోయారు, అన్నీ తెరుచుకుంటాయి. అంత పెద్ద నవలకు షానీ కథాసూత్రం కోసం ఎక్కడా తిరగలేదు. ప్రతి ఏటా తమ ఇళ్లలో జరిగే ఒక తంతే ఆయనకు మొత్తం కథను నిలబెట్టే వెన్నెముక అయింది. మన ఇళ్లలో తద్దినాలు లేవా? పెద్దల పండగ లేదా? పెత్తర అమావాస్యనాడు బియ్యం ఇస్తూ మూడు తరాల పేర్లు చదివే ఇల్లు తెలంగాణలో ఏ వీధిలోనైనా ఉంటుంది. ఆ పేర్ల వరసలో నవల దాగి ఉందని గుర్తుపట్టడమే కష్టం.

అదే షానీ అడవిలోకీ వెళ్లారు. అబూజ్‌మాడ్ ముఖద్వారం లాంటి ఓర్ఛాలో అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ జే పరిశోధన చేస్తున్నప్పుడు ఆయనతో కలిసి అక్కడ గడిపారు. ఆ అనుభవం ‘శాల్‌వనోం కా ద్వీప్’ అనే పుస్తకమైంది. దాన్ని యాత్రాకథనం అనాలా, నవల అనాలా అని హిందీవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోవాల్సిన అవసరమూ లేదు. ఒకే గుడిసె ముందు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు కుటుంబాలు, పెళ్లి సంబంధాలు లెక్కగట్టి శాస్త్రగ్రంథం రాసుకున్నారు. రెండోవారు అదే ఊరి మనుషుల దిగులు, నవ్వు, అనుమానం రాసుకున్నారు. రెండూ నిజాలే. రచయితకు ప్రత్యేకమైన చోటు అవసరం లేదని, చూపు వేరైతే చాలని చెప్పడానికి ఇంతకన్నా తేట ఉదాహరణ దొరకదు.

షానీ తర్వాత జగదల్‌పూర్ వదిలి గ్వాలియర్, భోపాల్, ఢిల్లీ వెళ్లిపోయారు. ‘సాక్షాత్కార్’, ‘సమకాలీన్ భారతీయ సాహిత్య’ పత్రికలు నడిపారు. 1995లో పోయారు. కథలు చాలా రాశారు గానీ, షానీ అనగానే హిందీ పాఠకుడి నోట వచ్చేది ఇప్పటికీ ‘కాలా జల్’ పేరే. ఆయన కన్నా పెద్దవారు, అదే ఊరి కవి లాలా జగదల్‌పురి మాత్రం ఊరు విడవలేదు. 1920లో పుట్టి 2013లో పోయేదాకా అక్కడే ఉన్నారు. హిందీతోపాటు హల్బీ, భత్రీ మాటల్లోనూ రాశారు, జానపద కథలు సేకరించారు, బస్తర్ చరిత్ర సంస్కృతుల మీద అందరూ చేతికి తీసుకునే పుస్తకం రాశారు. ఢిల్లీ పత్రికల్లో ఆయనకు దక్కిన చోటు తక్కువ. బస్తర్ గురించి రాయాలని వచ్చిన ప్రతి పరిశోధకుడూ ముందు ఆయన గడప తొక్కేవాడు. ఈ ఇద్దరిలో ఎవరి బాట మేలు అంటే, నవల కావాలంటే షానీ బాట, ఒక నేల జ్ఞాపకం చెరిగిపోకుండా ఉండాలంటే లాలా బాట.

మరి రాత ఆగిపోవడం సంగతి?

దీనికి బెంగాల్ వెళ్లక తప్పదు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1924 ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటు ఉద్యోగిగా భాగల్‌పూర్ అడవులకు వెళ్లారు. ఆయన పని ఏమిటో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. అడవిని రైతులకు పట్టాలిచ్చి సాగులోకి తేవడం, అంటే కొట్టించడం. ఆ అడవి మీదే ఆయనకు ప్రాణం. పని చేస్తూనే ఉన్నారు, గుర్రం మీద తిరుగుతూనే ఉన్నారు, రాత్రిళ్లు రాస్తూనే ఉన్నారు. రాసింది అడవి గురించి కాదు! ఆ అడవిలో కూర్చుని రాసింది తన చిన్ననాటి బెంగాలీ పల్లె కథ, ‘పథేర్ పాంచాలి’. అది 1929లో పుస్తకమైంది. ఈ అడవి గురించి ఎప్పటికైనా రాయాలని 1928లో దినచర్యలో ఒక మాట రాసి పెట్టుకున్నారు. ‘ఆరణ్యక్’ పుస్తకంగా వచ్చింది 1939లో. అప్పటికి ఆయన కలకత్తాలో బడిపంతులు. అడవిలో ఉండి ఊరిని, నగరంలో ఉండి అడవిని రాశారన్నమాట. సూరంపూడి సీతారాం తెలుగు చేసిన ‘వనవాసి’ ఆ పుస్తకమే.

దినచర్యలో మాట రాసుకున్నప్పటి నుంచి పుస్తకం దాకా పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లనూ రాత ఆగిపోయిన కాలం అనగలమా? ఆవకాయ జాడీ మూత మూడోనాడే తీసి ఇంకా ఊరలేదని విసుక్కునేవాళ్లలాగా మనం రచయితల మీద విసుక్కుంటాం. రచయితలు తమ మీద తామూ విసుక్కుంటారు. చాలాసార్లు రాత ఆగిపోవడం వెనుక కారణం ప్రతిభ ఎండిపోవడం కాదు, రాయాల్సిన విషయం ఇంకా తనది కాకపోవడం. అలాంటప్పుడు బలవంతాన కూర్చుంటే వచ్చేది వార్తాపత్రిక భాష.

‘పథేర్ పాంచాలి’ గురించే ఇంకో కథ చెబుతారు. రాతప్రతి దాదాపు పూర్తయ్యింది. ఒకనాడు భాగల్‌పూర్‌లో జుట్టు గాలికి ఎగురుతున్న ఒక పల్లె పిల్ల బిభూతిభూషణ్ కంటపడింది. ఆ పిల్ల లేకుండా తన పుస్తకం పుస్తకమే కాదనిపించి, రాసిందంతా పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి రాశారట. ఆ నవలలోని అపు అక్క దుర్గ అలా వచ్చిందని చెప్పుకుంటారు. ఇందులో ఎంత పెరిగిందో ఎంత తరిగిందో గానీ, సారం నమ్మదగినదే. స్ఫూర్తి అనేది ఖాళీ కాగితం ముందు ప్రత్యక్షం కాలేదు. వందల పేజీలు రాసి ఉన్నవాడికే ఆ పిల్ల కనిపించింది. రాయనివాడికి ఆమె దారినపోయే పిల్ల మాత్రమే.

మనవాళ్లలో దీనికి పూర్తిగా తలకిందుల ఉదాహరణ విశ్వనాథ. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీకి ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వేంకటేశ్వర్లు రాశారని ప్రసిద్ధి. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో బహుమతి పంచుకున్న నవల అది. కొత్త రచయితలు ఆ 29 అంకె విని గుండె జారిపోతారు. దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. అప్పటికి విశ్వనాథకు 39 ఏళ్లు. నందమూరులో ఆయన చూసిన గుడి, పొలం, జమీందారీ, ఊరి పతనం ఆ నవల్లో సుబ్బన్నపేట అయ్యాయి. చెప్పడానికి నెల పట్టింది గానీ పోగవడానికి బాల్యం నుంచీ పట్టింది. గురజాడ తీరు ఇంకోటి. 1892లో రంగస్థలం ఎక్కిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అక్కడితో వదిలేసి ఉంటే అదొక మంచి సంస్కరణ నాటకంగా మిగిలేది. 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. ఇవాళ మనం ఎరిగిన మధురవాణి, గిరీశం ఆ రూపం దిద్దుకున్నది రెండో కూర్పులోనే.

బిభూతిభూషణ్ లాగా దూరంగా ఉండి రాసినవారు మనలోనూ ఉన్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ బతికారు. ‘అతడు అడవిని జయించాడు’లో ఆయన రాసింది మాత్రం ఈనబోయే సుక్కపందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడి ఒక్క రాత్రి కథ, భాష చిత్తూరుది. దూరం ఆయనకు అడ్డు కాలేదు, పని చేసిపెట్టింది.

కథకుడు త్రిపుర మరీ విచిత్రం. కాశీలో చదువు, మదనపల్లెలో, బర్మాలో, అగర్తలాలో పాఠాలు. అంత తిరిగిన మనిషి లెక్కకు పదిహేను కథలు రాశారు. ఏళ్ల తరబడి మౌనం. ఎందుకు రాయరని అడిగినవాళ్లు ఆయనకు ఎప్పుడూ ఉన్నారు. ఆ పదిహేను కథలే చదువుతూ తరువాతి తరం రాయడం నేర్చుకుంది. రావిశాస్త్రి ‘రాజు-మహిషి’ అసంపూర్తిగానే మిగిలింది. అయినా చదువుతాం, వాక్యం కోసం. పూర్తి చేయకపోవడం, మాట్లాడకుండా ఉండిపోవడం కూడా రచయితల జీవితంలో భాగాలే. ప్రతి మౌనానికీ చికిత్స వెతకడం ఈ కాలపు హడావిడి.

చికిత్స కావాలన్నవాళ్లకు పెద్దలు చేసి చూపించిన పనులు ఉన్నాయి. వాడ్రేవు చినవీరభద్రుడు తూర్పు గోదావరి ఏజెన్సీలోని శరభవరంలో పుట్టి, గిరిజన సంక్షేమ శాఖలో పనిచేస్తూ ఏజెన్సీలన్నీ తిరిగారు. కవిత్వం రాశారు, ‘నేను తిరిగిన దారులు’ అని యాత్రల పుస్తకం వేశారు, మధ్యలో కలాం ఆత్మకథను ‘ఒక విజేత ఆత్మకథ’గా అనువదించారు, నీటిరంగులతో బొమ్మలూ వేస్తారు. సొంత మాట రానిరోజు వేరొకరి మాటను తెలుగులోకి తెస్తే చెయ్యి అలవాటు తప్పదు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. సంగీతం నేర్చినవాళ్లు కచేరీ లేని రోజున సాధన మానరు కదా!

ఇక పరవస్తు లోకేశ్వర్. ‘సలాం హైదరాబాద్’ నవలతో పాతబస్తీని, 1969 ఉద్యమాన్ని తెలుగు పాఠకుడి ముందు పెట్టిన ఆయన, స్కూటరు వేసుకుని బస్తర్ దారి పట్టారు. ఆ ప్రయాణమే ‘ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర’. కారులో పోయేవాడికి ఊరు అద్దంలో కనిపిస్తుంది. స్కూటరు మీద పోయేవాడికి ప్రతి ఊళ్లో దాహం వేస్తుంది, టైరు పంక్చరవుతుంది, దారి అడగాల్సి వస్తుంది. అడిగినచోటల్లా ఒక మనిషి తగులుతాడు. యాత్రారచనకు వాహనం ఎంపిక కూడా శిల్పం కిందికే వస్తుంది.

ఈ వరసలో ఒక విదేశీయుణ్ణి చేర్చాలి. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి భారతదేశంలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కావడంతో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని ఆంక్ష పెట్టారు. ఇంకొకరైతే యుద్ధం ముగిసేదాకా పుస్తకాలు చదువుకుంటూ గడిపేవారు. ఆయన, భార్య బెట్టీ ఆ హద్దుల్లోనే నల్లమల చెంచుల దగ్గరకు, గోదావరి కొండరెడ్ల దగ్గరకు, ఆదిలాబాద్ రాజగోండుల దగ్గరకు వెళ్లారు. 1943లో చెంచుల మీద, 1945లో రెడ్ల మీద, 1948లో గోండుల మీద పుస్తకాలు వచ్చాయి. ఎక్కడికీ వెళ్లొద్దన్న ఉత్తర్వు ఆయన జీవితకాలపు పనిని తేల్చేసింది. అదే రోజుల్లో గోదావరికి అవతల బస్తర్‌లో మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ మురియా ఆదివాసుల పాటలు, కథలు సేకరిస్తూ తిరిగాడు. మురియా యువతీయువకుల నెలవైన ఘోటుల్ మీద ఆయన పెద్ద పుస్తకం 1947లో వచ్చింది. ఆయనకు ముందు, 1927 నుంచి 1931 దాకా బస్తర్ పాలన చూసిన గ్రిగ్సన్ మాడియా గోండుల మీద పుస్తకాన్ని 1938లో గానీ అచ్చు వేయలేకపోయాడు. మళ్లీ అదే ఎడం, ఏడేళ్లు.

మహంతికి అర్జీలు, బిభూతిభూషణ్‌కు పట్టాలు, గ్రిగ్సన్‌కు పాలన, హైమెండార్ఫ్‌కు ఆంక్ష. వీళ్లలో ఎవరూ స్ఫూర్తి కోసం అడవికి వెళ్లలేదు. ఏదో ఒక పని వాళ్లను అక్కడ కట్టేసింది. కట్టేసినచోట చెవులు తెరుచుకుని ఉన్నారు. సెలవు మీద వెళ్లినవాడికి అడవి పచ్చగా కనపడుతుంది, అంతే. పనిమీద వెళ్లినవాడికి తునికాకు కనపడుతుంది.

తునికాకునే తీసుకోండి. వేసవిలో తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. ఎండ ముదరకముందే ఆకు కోసుకొచ్చి నీడన కూర్చుంటారు. ఆకు మీద ఆకు పేర్చి, 50 ఆకులు కాగానే నారతో బిగించి కట్ట కడతారు. చేతివేళ్లే లెక్క చూసుకుంటాయి, నోరు కబుర్లు చెబుతూనే ఉంటుంది. సాయంత్రం కల్లానికి తీసుకెళ్తే కల్లేదారు కట్టను తిప్పి చూస్తాడు. చిల్లులున్నాయనో ఆకులు తక్కువున్నాయనో కొన్ని పక్కన పడేస్తాడు. పడేసిన కట్టకు డబ్బు లేదు. ఛత్తీస్‌గఢ్‌లో వెయ్యి కట్టలు ఒక బోరా. ఆ ఒక్క పక్కన పడేసిన కట్ట దగ్గర, దాన్ని కట్టిన పిల్ల ముఖం దగ్గర కథ ఉంది. అడవి అందాల మీద నాలుగు పేజీలు రాసినా అది దొరకదు. ఇప్పపువ్వు ఏరే వేకువ, జీలుగు కల్లు గీసే చెట్టు మీద అన్నదమ్ముల వాటాలు, సంతలో ఉప్పుకు చింతపండు కొలిచే సోల, ఇవన్నీ నోట్‌బుక్కులో ఎక్కాల్సినవి. కలం ఆగిపోయిందన్న రచయిత నోట్‌బుక్కు తెరిచి చూస్తే, చాలాసార్లు అందులో ఇలాంటివి ఉండవు. అభిప్రాయాలు ఉంటాయి.

ఇంతకీ గొల్లపల్లి వైపు రచయిత వెళ్లడం చాలాకాలం అంత తేలిక కాలేదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక కొంటా తాలూకాలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది మంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలన్నారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా తీసుకుని ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో పిటిషన్ వేసిన నందినీ సుందర్ అధ్యాపకురాలు, రచయిత్రి. బస్తర్ చరిత్ర మీద ఆమె పుస్తకం 1997లో వచ్చింది. యుద్ధకాలపు బస్తర్ మీద ‘ద బర్నింగ్ ఫారెస్ట్’ 2016లో వచ్చింది. రెండు పుస్తకాల నడుమ దాదాపు ఇరవై ఏళ్లు, నేల మాత్రం అదే. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం అనే ప్రయాణం మన యాత్రారచయితలకు ఎందుకో రుచించదు. లెక్కకు దేశాలు పెరగవు మరి!

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇల్లు కాలిన మనిషి దగ్గర కూర్చుని కథకు ముడిసరుకు దొరికిందని సంబరపడే రచయితలు ఉన్నారు. ఎవరి కష్టమో రాసి, ఊరి పేరు, మనిషి పేరు గుర్తుపట్టేలా పెడితే, పుస్తకం ఆవిష్కరణ సభ అయ్యాక వచ్చే చిక్కులు రచయితకు రావు, ఆ మనిషికి వస్తాయి. అడవి గురించి రాసేటప్పుడు ఏది రాయకూడదో తెలియడం సగం శిల్పం.

ఇంకో ప్రశ్న. గొల్లపల్లి గురించి బయటివాళ్లే ఎందుకు రాయాలి? బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర అనే ఫోన్ రేడియో మొదలుపెట్టారు. ఒక నంబరుకు మిస్‌డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చేది. చెప్పదలచుకున్నవాళ్లు ఒకటి నొక్కేవారు, వినదలచుకున్నవాళ్లు రెండు నొక్కేవారు. చదువు రాకపోయినా పరవాలేదు, హిందీ రాకపోయినా పరవాలేదు. గోండిలో, హల్బీలో ఫిర్యాదులు వచ్చాయి, పాటలూ వచ్చాయి. రాయడం రాని మనిషి రచయిత కాలేడన్న మన పట్నవాసపు నమ్మకాన్ని ఆ ఫోను కాస్త కదిపింది. తరతరాలుగా కథ నోటి మీద నడిచినచోట కలం ఆగిపోవడం అనే జబ్బే లేదు. పాట మరిచిపోవడం, వినేవాళ్లు లేకపోవడం, అవీ అక్కడి జబ్బులు.

జనవరి నుంచి మార్చి దాకా భద్రాచలం, చర్ల, ఖమ్మం వైపు మిరపచేలలోకి సరిహద్దు అవతలి నుంచి కోత కూలీలు వస్తారు. చేల గట్ల మీదే గుడారాలు వేసుకుంటారు. వాళ్లలో గొల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉండవచ్చు. రాయాలని ఉండి ఏం రాయాలో తోచని శ్రోతలు ఎవరైనా ఆ దారిలో ఉంటే, ముందు ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. వంట అయ్యాక, పని అయ్యాక మాత్రమే. పాట వచ్చిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఆమె సరేనంటేనే ఫోనులో రికార్డు చేయండి. అర్థం కాని మాటను పక్కనున్న పిల్లల్ని అడిగి రాసుకోండి. పాట ఎవరిదని ఎవరైనా అడిగితే ఆమెదేనని చెప్పండి, ఆమె ఒప్పుకుంటే పేరుతో సహా. మీ కథ ఆ రాత్రే మొదలవ్వాలని పట్టుపట్టకండి. వచ్చే ఏడు కోతలకు మళ్లీ వెళ్లండి.